చటుల విషాగ్నిం... లేక చటుల విషంబున్?

పద్యప్రియ: పొద్దున్నుంచీ పోతన భాగవతంలో శివుడు హాలాహలం మింగే చోటి కందం ఒకటి బుర్ర తినేస్తోంది. ‘ఉదరము లోకంబులకును సదనం బగు టెఱిఁగి శివుఁడు...’ ఆ తర్వాత ‘చటుల విషాగ్నిం’ అనా, ‘చటుల విషంబున్’ అనా? చివరి ‘సూక్ష్మఫలరసము క్రియన్’ మాత్రం గట్టిగా గుర్తుంది.

ఒజ్జ: విషాగ్నిం. ఇందులో సందేహమేముంది?

గోదారిగట్టు: ఉంది మాస్టారూ. గణాలు రెంటికీ కుదురుతాయి. రెండూ ద్రుతాంతాలే, అంటే చివర ‘న్’ ఉన్నవే కాబట్టి కింది పాదంలో ‘కుదురుకొన’ ‘గుదురుకొన’ అవడం కూడా తేల్చదు. మా ఊళ్లో ‘విషంబున్’ అనే చదివేవారు.

ఒజ్జ: మీ ఊరి కోసం పోతన దిద్దుకుంటాడా?

ప్రయోగశాల: నా ఓటూ ‘విషంబున్’కే. బయోకెమిస్ట్రీ చెప్పుకునేదాన్ని, ‘అగ్ని’ మింగుడుపడదు. సైనైడునే చూడండి, మంట పెట్టదు, ఆర్పేస్తుంది. కణంలో శక్తి తయారయ్యే మైటోకాండ్రియాలో సైటోక్రోమ్ ఆక్సిడేజ్ అనే ఎంజైములోని ఇనుమును పట్టేసుకుంటుంది. ఎలక్ట్రాన్లు ఆక్సిజన్ దాకా చేరవు, కణానికి శక్తినిచ్చే ఏటీపీ తయారీ ఆగిపోతుంది. రక్తం నిండా ఆక్సిజన్ ఉన్నా కణం వాడుకోలేదు. అందుకే సిరల్లో రక్తం కూడా ఎర్రగానే ఉంటుంది. ఇక గొంతు నీలమెక్కడిది?

చాటువు: నీలం ఉందండోయ్! 1782లో రసాయనవేత్త షీలే సైనైడు ఆమ్లాన్ని రాబట్టింది ప్రష్యన్ బ్లూ అనే నీలిరంగు నుంచే. సైనైడ్ పేరులో ఉన్నది గ్రీకుల నీలమే.

ఒజ్జ: గ్రీకులు తర్వాత, ముందు పద్యానికి రండి.

గోదారిగట్టు: అన్ని విషాలూ ఆర్పవు మేడమ్. డైనైట్రోఫినాల్ అనే రసాయనం ఎలక్ట్రాన్ల దారికి అడ్డుపడదు. ప్రోటాన్లను దొడ్డిదారిన మైటోకాండ్రియా లోపొర దాటించేస్తుంది. ఏటీపీగా మారాల్సిన శక్తి వేడిగా పోతుంది. 1930లలో అమెరికాలో దీన్ని సన్నబడే మందని వాడారు. ఒళ్లు కాలిపోయి కొందరు చనిపోయారు కూడా. 1938లో మనుషులకు పనికిరాదని తేల్చారు. చటుల విషాగ్ని అంటే అదీ!

ప్రయోగశాల: అంటే పార్టీ మార్చారా?

గోదారిగట్టు: శాస్త్రంలో విషాగ్ని. పాఠంలో విషంబున్. మాట మీద నిలబడే మనిషిని.

చాటువు: అసలు స్వామి మింగనే లేదు కదా! ‘కంఠబిలమున బదిలంబుగ నిలిపె’ అన్నాడు. మరి అమ్మవారు ‘మ్రింగు’ మన్నదేమిటి?

ఒజ్జ: నోట వేసుకోమని. కడుపులోకి దించమని కాదు. అయినా ‘మంగళసూత్రంబు నెంత మది నమ్మినదో’ అని చదివాక ఇంకా వ్యాకరణమేమిటండీ? ఆ ‘ఎంత’కు అంతుందా?

పద్యప్రియ: అందరికీ దండాలు. ఇంతకీ సూక్ష్మఫలమంటే ఏ పండు? నేరేడని మా నాన్నగారు.

ప్రయోగశాల: అయితే గొంతు నీలమెందుకయిందో తెలిసిపోయింది!

ఒజ్జ: నేరేడు సూక్ష్మమెలా అవుతుందండీ?