బంధించు: ఎవరు ఎవరిని?

ప్రశ్న: “సీసం కణంలోని కాల్మోడ్యులిన్‌తో బంధించబడుతుంది.” ఇలాంటి వాక్యాలు ఆరోగ్య వ్యాసాల్లో తరచూ కనిపిస్తాయి. మా తొమ్మిదో తరగతి అమ్మాయి చదివి, “మంచిదేగా, విషాన్ని కట్టేసింది” అంది. దీన్ని తెలుగులో ఎలా చెప్పాలి?

జీవరసాయనం టీచర్: మీ అమ్మాయి తెలుగు సరిగ్గానే చదివిందండీ. బంధించడం గెలిచినవాడి పని. ఇక్కడ గెలిచింది సీసం.

కాల్మోడ్యులిన్ అనే ప్రోటీన్‌లో 148 అమైనో ఆమ్లాలు, కాల్షియం కోసం నాలుగు గూళ్లు ఉంటాయి. ఒక్కో గూటిలో ఆక్సిజన్ పరమాణువులు చుట్టూ చేరి కాల్షియం అయానును పట్టుకుంటాయి. కణంలో కాల్షియం పెరిగితే గూళ్లు నిండుతాయి, ప్రోటీన్ ఆకారం మారుతుంది, కొన్ని ఎంజైములు పనిలోకి దిగుతాయి. కాల్షియం తగ్గగానే అంతా సద్దుమణుగుతుంది. ఈ రాకపోకలే కణానికి సంకేతం. సీసం అయానుకూ రెండు ధనావేశాలే. పరిమాణం కాస్త పెద్దది. కాల్షియం వ్యాసార్ధం సుమారు 100 పికోమీటర్లయితే సీసానిది 119. అయినా ఆ గూటిలో ఇముడుతుంది, కాల్షియం కంటే గట్టిగా అతుక్కుంటుంది. రావలసిన సంకేతం రాకుండానే ప్రోటీన్ పని మొదలుపెడుతుంది. నేనైతే “కాల్షియం చోట సీసం తిష్ఠ వేస్తుంది” అని రాస్తాను.

తెలుగు మాస్టారు: తిష్ఠ బాగుంది. వచ్చినవాడు కదలడన్న సంగతి ఆ మాటలోనే ఉంది. కానీ ప్రోటీన్ మోసపోయిన సంగతి అందులో రాలేదు. దేవతల పంక్తిలో కూర్చుని అమృతం తాగిన రాహువు కథ పిల్లలకు తెలిసిందే. “కాల్షియం వేషంలో వచ్చి తిష్ఠ వేస్తుంది” అనకూడదా?

జీవరసాయనం టీచర్: వేషం కట్టడానికి ఉద్దేశం ఉండాలి కదా మాస్టారూ? రాహువుకు ఉంది, సీసానికి లేదు. “అనుకరిస్తుంది” అన్న మాటతోనూ నాకు ఇదే పేచీ. క్రియను ప్రోటీన్‌కే ఇద్దాం: “ప్రోటీన్ సీసాన్ని కాల్షియం అనుకుని పొరబడుతుంది.”

తెలుగు మాస్టారు: పొరబడటం! ఒప్పుకున్నానమ్మా. మరి బంధించు అన్న మాటను పూర్తిగా పక్కన పెట్టేయాలా?

జీవరసాయనం టీచర్: వద్దండీ, దానికి తగిన చోటు వేరే ఉంది. 1957లో గుర్రం మూత్రపిండంలో కాడ్మియం అనే విషలోహాన్ని పట్టి ఉంచే ప్రోటీన్ దొరికింది. దాని పేరు మెటలోథయోనిన్. చిన్న ప్రోటీనే, అయినా అందులో సిస్టీన్ అనే గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు 20. ఏడు కాడ్మియం అయాన్ల వరకు పట్టి ఉంచగలదు. బంధించడమంటే అదీ. కాడ్మియం అయాను పరిమాణంలో కాల్షియానికి చాలా దగ్గరిది, కాబట్టి రెండు వాక్యాలూ దానికి అవసరమే. కాల్షియం గూటిలో ఉన్నప్పుడు తిష్ఠ వేసిందనాలి, మెటలోథయోనిన్ చేతికి చిక్కినప్పుడు బంధింపబడిందనాలి.

ప్రశ్న వేసినవారు: పాదరసానికీ ఇదే వాక్యం సరిపోతుందా?

జీవరసాయనం టీచర్: సరిపోదండీ. పాదరసం ప్రధానంగా వెతుక్కునేది గంధకాన్ని. కాల్షియం గూళ్లలో ఉండేది ఆక్సిజన్. అక్కడ “ప్రోటీన్లలోని గంధకాన్ని పట్టుకుని వదలదు” అని రాయండి.