‘యుగాంతం’ అన్న మాట గురించి, బెజవాడ నుంచి

గ్రూపులోని పెద్దలందరికీ నమస్కారం. ఒక మాట మీద చర్చ కోసం ఇది రాస్తున్నాను.

మొన్న రాత్రి పదకొండింటికి, పటమటలో మా ఇంట్లో ఉండి పదో తరగతి చదువుకుంటున్న మేనకోడలు నా గదిలోకి వచ్చింది. “మావయ్యా, యుగాంతం అంటే అందరం ఒకేసారి పోవడమేనా?” అని అడిగింది. చేతిలో ఫోన్, ఫోన్‌లో ఒక వీడియో. గ్రహాలన్నీ ఒకే వరుసలోకి వస్తాయట, ఆ వరుస పాలపుంత మధ్యలో ఉన్న బ్లాక్ హోల్‌తో (కృష్ణబిలంతో) కలుస్తుందట, అది భూమిని లాగేసుకుంటుందట. చివర్లో ఎర్రటి అక్షరాలతో ‘యుగాంతం’. పిల్ల బాగా టెన్షన్ పడింది. ఆ రాత్రి నాకూ సరిగ్గా నిద్ర పట్టలేదు. సైన్సు సంగతి ఎలాగోలా చెప్పగలిగాను కానీ, ఆ మాటే నన్ను వదల్లేదు. మన మాటని మన పిల్లల్నే భయపెట్టడానికి వాడుతున్నారని బాధ కలిగింది.

మన ఇళ్లలో ఏ పూజకైనా సంకల్పం చెబుతాం కదా. “శ్వేతవరాహకల్పే, వైవస్వతమన్వంతరే, కలియుగే, ప్రథమపాదే” అంటూ మనం ఎక్కడున్నామో, కాలంలో ఏ చోట ఉన్నామో చెప్పుకుంటాం. బెజవాడలో ‘కృష్ణాగోదావర్యోర్మధ్యదేశే’ అంటాం. నది దాటి గుంటూరు వెళ్తే ఆ ముక్క మారుతుంది, ‘ప్రథమపాదే’ మాత్రం మారదు. కలియుగానికి పురాణాల లెక్క 4,32,000 ఏళ్లు, అంటే అందులో నాలుగో వంతైన ఒక్కో పాదం 1,08,000 ఏళ్లు. గడిచినవి 5,100 పైచిలుకు. అంటే మొదటి పాదంలోనే ఇంకా లక్షకు పైగా ఏళ్లు మిగిలి ఉన్నాయి. సత్యనారాయణ వ్రతంలో పొద్దున ‘ప్రథమపాదే’ అని నోటితో చెప్పి, సాయంత్రం ‘వచ్చే నెల యుగాంతం’ అన్న వీడియోని నలుగురికి పంపితే ఎలా? ఆ లెక్కని నమ్మాలా వద్దా అన్నది వేరే సంగతి. నమ్మేవాళ్లు కూడా ఆ లెక్కలో ఏముందో చూడాలి కదా.

ఇంకో సంగతి నాకు ఈ మధ్యే బాగా అర్థమైంది. సూర్యసిద్ధాంతం అనే పాత జ్యోతిష గ్రంథం లెక్కలో గ్రహాలన్నీ మేషం మొదట్లో ఒక్కచోట చేరింది కలియుగం ఆరంభంలో, క్రీ.పూ. 3102 ఫిబ్రవరిలో. ఆర్యభటుడు తనకు ఇరవై మూడేళ్లు నిండేసరికి కలియుగంలో 3,600 ఏళ్లు గడిచాయని రాసుకున్నాడు. అది క్రీ.శ. 499. మన జ్యోతిష గణితంలో గ్రహాలు కలవడమనేది లెక్క మొదలుపెట్టే గుర్తు. దాన్ని తీసుకెళ్లి అంతానికి గుర్తుగా పెట్టింది ఎవరో, ఎప్పుడో తెలిసినవాళ్లు చెప్పండి.

ఇక గ్రహాలు ఇలా కలవడానికి మనం వాడే ‘కూటమి’ అన్న మాట. కూడు అనే క్రియ నుంచి వచ్చిన మాట. కూడలి, కూటం, కూడిక దాని చుట్టాలే. 1962 ఫిబ్రవరి 3 నుంచి 5 దాకా మకరంలో అష్టగ్రహ కూటమి వచ్చినప్పుడు దేశమంతా హోమాలు, భజనలు. మా అమ్మ అప్పుడు గుంటూరు బ్రాడీపేటలో చిన్నపిల్ల. మూడు రోజులు బడికి పంపలేదట, రాత్రి పక్కలన్నీ ఒకే గదిలో వేసుకున్నారట. ఆ ఎనిమిదింట్లో సూర్యుడున్నాడు, చంద్రుడున్నాడు, కేతువు ఉన్నాడు. కేతువంటే ఆకాశంలో సూర్యుడి దారిని చంద్రుడి దారి దాటే ఒక బిందువు, అక్కడ వస్తువేమీ లేదు. చంద్రుడు మనకి దాదాపు 4 లక్షల కిలోమీటర్ల దూరంలో, శని అప్పుడు 160 కోట్ల కిలోమీటర్లకు పైన. బెజవాడకి ఎదురుగా, కృష్ణ అవతల సీతానగరం ఒడ్డున నిలబడి చూడండి. ప్రకాశం బ్యారేజీ దీపాలు, ఇంద్రకీలాద్రి మీద గుడి దీపాలు, ఆ పైన ఒక చుక్క ఒక్క చోటే ఉన్నట్టు కనిపిస్తాయి. ఆ కూటమి మన కంటిది. గ్రహాలు మనల్ని లాగే బలం సంగతికొస్తే, శుక్రుడు మనకి అతి దగ్గరగా వచ్చినప్పుడు కూడా అతని ఆటుపోటు బలం చంద్రుడి బలంలో పదివేలలో ఒక వంతు ఉండదు.

*

దీని మీద గ్రూపులో వచ్చిన ప్రశ్నలకి నా జవాబులు ఇవి. ఆ బ్లాక్ హోల్ నిజంగా ఉందా, మనల్ని లాగేస్తుందా అని నరసరావుపేట నుంచి అడిగిన అమ్మకి: బ్లాక్ హోల్ సంగతి నిజమే, అది ఉంది. మన పాలపుంత మధ్యలో, 26 వేల కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో, దాదాపు 40 లక్షల సూర్యుల బరువుతో ఉంది. దాన్ని తేల్చినందుకు గెంజెల్, గెజ్ అనే ఇద్దరికి 2020లో నోబెల్ వచ్చింది, 2022 మే నెలలో దాని బొమ్మ కూడా విడుదలైంది. అంత బరువున్నా దాని నల్లటి అంచు బుధుడి కక్ష్యలో పట్టేస్తుంది. దానికి చాలా దగ్గరలో ఎస్2 అనే నక్షత్రం 16 ఏళ్లకో చుట్టు చొప్పున తిరుగుతోంది, అందులో పడిపోవడం లేదు. మీ భయానికి కొంత కారణం ‘కృష్ణబిలం’ అన్న మాటే అనుకుంటాను. బిలం అంటే మనకి కాలు జారితే పడిపోయే గొయ్యి, గుహ. అక్కడున్నది గొయ్యి కాదు, ఇరుకు చోటులో కుక్కినట్టున్న బరువు. సూర్యుడి స్థానంలో అంతే బరువున్న కృష్ణబిలాన్ని పెట్టినా భూమి ఇప్పుడు తిరిగే దారిలోనే తిరుగుతుంది. చలికి గడ్డకడుతుంది కానీ లోపలికి పడదు.

ఆ ‘వరుస’ గురించి కూడా. పాలపుంత కేంద్రం మనకి మూలా నక్షత్రం ఉన్న దిక్కులో ఉంది. దసరాల్లో మూలా నక్షత్రం రోజున దుర్గమ్మ కొండ మీద సరస్వతీ అలంకారానికి ఎంత జనం వస్తారో మీకు తెలుసు, ఆ మూలే. సూర్యుడు ధనుర్మాసం మొదలైన రెండు మూడు రోజులకి ఆ దిక్కులోకి వస్తాడు. ఏటా వస్తాడు. మనం ముగ్గులు పెట్టుకునే రోజులవి. 2012 డిసెంబర్ 21న ‘మహా వరుస’ అని టీవీల్లో ఊదరగొట్టింది దీన్నే. మధ్య అమెరికాలోని మాయా జాతి వాళ్ల పంచాంగంలోనూ ఆ రోజుకి జరిగింది 18,72,000 రోజుల లెక్క నిండి, మళ్లీ కొత్త లెక్క మొదలవడం.

తెనాలి మాస్టారు గుర్తుచేసిన మాటకి: అవును, “కృష్ణమ్మ దుర్గమ్మ ముక్కుపుడక అందుకుంటుంది” అని, అప్పుడే యుగాంతమని మేమూ చిన్నప్పటి నుంచి విన్నాం. 2024 సెప్టెంబర్ మొదట్లో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లు పోతుంటే ఫోన్లన్నీ ఆ మాటతోనే నిండిపోయాయి. అందరం కొండ వైపు చూస్తున్నాం. మా ఊళ్లోని సింగ్‌నగర్‌ని ముంచింది మాత్రం ఇంకో వైపు నుంచి వచ్చిన బుడమేరు వాగు. ఆ రోజు పాలప్యాకెట్ల కోసం నడుంలోతు నీళ్లలో నిలబడ్డవాళ్లెవరూ నాతో యుగాంతం అనలేదు. ‘బుడమేరు వచ్చింది’ అన్నారు. 1977 నవంబర్ 19 నాటి దివిసీమని చూసిన మా పెదనాన్న కూడా బతికినన్నాళ్లూ ‘ఉప్పెన’ అనే అన్నాడు. ప్రళయం అన్న మాట ఆయన నోట నేను వినలేదు.

‘ఉగాదిలో ఉన్న యుగమూ ఇదేనా’ అని అడిగిన తమ్ముడికి: అదే. యుగాది నుంచే ఉగాది వచ్చింది, అక్కడ యుగమంటే ఏడాది. ఆ లెక్కన యుగాంతం ఏటా వస్తుంది, ఫాల్గుణ అమావాస్య రోజున. మన వైపు ఆ అమావాస్యకి ఉన్న పేరు ‘కొత్త అమావాస్య’. మా మేనకోడలికి ఇది చెబితే కాసేపు ఆలోచించి, “అయితే మర్నాడు పచ్చడి ఉంటుంది” అంది. మీ ఊళ్లలో ఈ అమావాస్యకి ఇంకో పేరు ఏదైనా ఉంటే రాయండి. 1962 నాటి రోజులు గుర్తున్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, ఆ కూటమిని వాళ్లు ఏ మాటతో చెప్పుకునేవాళ్లో కూడా అడిగి రాయండి.