వకయామాలో పాత బనియన్ మిషన్లు బతికాయి, మన పాటూరు మగ్గాలకు అందులో పనికొచ్చేది ఏమైనా ఉందా?

కోవూరు_కుర్రోడు:
అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదివి జవాబు చెప్పండి. మాది నెల్లూరు జిల్లా కోవూరు మండలం పాటూరు. ఇంట్లో రెండు గుంట మగ్గాలుంటే ఇప్పుడు ఒకటే ఆడుతోంది, నాన్న నేస్తాడు, అమ్మ కండెలు చుడుతుంది, నేను నెల్లూరులో ఉద్యోగం చేసుకుంటున్నాను. నా ఈడు వాళ్లెవరూ మగ్గం గుంటలో దిగలేదు. ఆ ఒక్క మగ్గం కూడా ఆగిపోతుందేమోనని చాలా రోజులుగా బెంగ.

ఈమధ్య జపాన్‌లోని వకయామా గురించి చదివాను. అక్కడ 1909లో స్విట్జర్లాండ్ నుంచి గుండ్రటి అల్లిక మిషన్లు తెప్పించుకుని బనియన్ బట్ట పని మొదలుపెట్టారట. పైన దూలానికి వేలాడుతూ తిరిగే పాత రకం మిషన్ ఒకటుంది, లూప్‌వీల్ అంటారు, గంటకు దాదాపు మీటరు బట్టే దిగుతుంది. 1960ల్లో వేగంగా నడిచే మిషన్లు వచ్చాక అవి చాలావరకు తుక్కులోకి పోయాయి, వకయామాలో కొద్ది మిల్లుల్లో మాత్రం మిగిలాయి. ఇవాళ ఆ బట్టతో కుట్టిన స్వెట్‌షర్టుల్ని మామూలు వాటికంటే ఎంతో ఎక్కువ పెట్టి, వెతికి మరీ కొంటున్నారు.

మా పిన్ని కొడుకు తిరుప్పూర్‌లో బనియన్ కంపెనీలో చేస్తాడు. పాత నిట్టింగ్ మిషన్లు సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతాయి, ఊళ్లో షెడ్డు వేసి నెమ్మదిగా నడిపి అలాంటి బట్టే తీద్దాం అంటున్నాడు. ఇది అయ్యే పనేనా? లేక వాళ్లు చేసినదాంట్లో మగ్గానికే పనికొచ్చేది ఇంకేమన్నా ఉందా?

తిరుప్పూర్_ఫిట్టర్:
తమ్ముడూ, మాది అల్లూరు. చాలా ఏళ్లుగా ఇక్కడ నిట్టింగ్ మిషన్లు బిగించే పనిలోనే ఉన్నాను. ముందు ఒక మాట, షెడ్డుకి అడ్వాన్స్ ఇవ్వొద్దు.

ఇక్కడ దొరికే పాత మిషన్‌కీ ఆ వేలాడే మిషన్‌కీ పోలికే లేదు. మా మిషన్‌కి చుట్టూ తొంభై దాకా ఫీడర్లు (సూదులకు నూలు అందించేవి) ఉంటాయి, అంటే ఒక్క చుట్టు తిరిగేసరికి తొంభై వరసలు పడిపోతాయి, కింద రోలర్లు ఆ బట్టను లాగి చుట్టేస్తుంటాయి. ఆ వేలాడే మిషన్‌కి ఫీడర్లు ఒకటో రెండో, మహా అయితే నాలుగు. లాగే రోలర్లు లేవు, అల్లిన బట్ట తన బరువుకి తానే కిందికి జారుతుంది, అందుకే నూలు సాగదు, లూపు గుండ్రంగా నిలబడుతుంది. మా దగ్గర లాగి అల్లిన బట్ట నీళ్లు తగలగానే ముడుచుకుంటుంది, పైగా ఫీడర్లు ఎక్కువయ్యేకొద్దీ వరసలు ఏటవాలుగా పడతాయి. మీ టీషర్టు నాలుగు ఉతుకులకే పొట్టిదై పక్క కుట్టు పొట్ట మీదికి తిరిగేది ఇందుకే. మా మిషన్ని ఎంత మెల్లగా తిప్పినా మెల్లగా అదే బట్ట వస్తుంది, షెడ్డు అద్దె మాత్రం పెరుగుతుంది.

ఇంకోటి, ఆ బట్ట గొట్టంలా దిగుతుంది, పక్క కుట్టే ఉండదు, కాబట్టి సైజుకొక మిషన్ కావాలి. విడిభాగాలు బజార్లో దొరకవు, ఆగిపోయిన మిషన్ల నుంచి పీకి ఆడే వాటికి వేసుకుంటారు. వంగిన సూదిని చూసి చేత్తో సరిచేయగల మనిషి పక్కనే ఉండాలి. అక్కడ బతికింది ముందు ఆ చేయి. మీ ఊళ్లో ఆ చేయి మగ్గం మీద ఉంది, బనియన్ మిషన్ మీద లేదు.

వెంకటగిరి_డిప్లొమా:
ఫిట్టర్ అన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం. నేను వెంకటగిరి చేనేత ఇన్‌స్టిట్యూట్‌లో చదివాను (2022లో ఊరు తిరుపతి జిల్లాలో కలిసింది, మాకు మాత్రం ఇంకా నెల్లూరే). మిషన్ సంగతి వదిలేసి, వాళ్లు సరుకు ఎలా అమ్ముకున్నారో చూడండి.

1999లో టోక్యోలో ఒక చిన్న కంపెనీ ఆ మిషన్ పేరు మీదే లూప్‌వీలర్ అని పెట్టుకుని, ఆ బట్టతోనే స్వెట్‌షర్టులు కుట్టించి అమ్మడం మొదలుపెట్టింది. అలా మిల్లు లోపలి పని కొనేవాడి దాకా వెళ్లింది. జపాన్‌లోనే యమగాతా వైపు సాగాయే అనే ఊళ్లో సాతో సెన్యి అని 1932 నాటి కంపెనీ ఉంది. చవక దిగుమతులతో ఆర్డర్లు పడిపోతే, ఉన్న యంత్రాలనే తమకు కావలసినట్టు మార్చుకుని చాలా సన్నటి మోహేర్ (అంగోరా మేక బొచ్చు) నూలు తీసింది. 2009లో మిషెల్ ఒబామా వేసుకున్న నీనా రిచీ అనే ఫ్రెంచి ఫ్యాషన్ కంపెనీ కార్డిగన్‌ది (ముందు బొత్తాలుండే స్వెటర్) ఆ నూలే.

నా లెక్కలో మనకు అన్నిటికంటే దగ్గరిది జపాన్‌లోనే ఇమబారి అనే ఊరి తువాళ్ల కథ, అది అల్లిక కాదు, నేత. చైనా, వియత్నాం సరుకు దెబ్బకి కుదేలైన ఆ ఊరు 2006లో డిజైనర్ కషివా సాతోతో ఒక గుర్తు గీయించుకుంది. గుర్తు ఊరికే ఇవ్వరు. తువాలు ముక్క నీళ్ల మీద వేస్తే 5 సెకన్లలోపు మునగాలి, మునక్కపోతే లేదు. అదే 2006లో మనకు హ్యాండ్లూమ్ మార్క్ వచ్చింది. చేత్తో నేసిందని అది చెబుతుంది, కావలసిందే, కానీ ఇంటికి తీసుకెళ్లాక ఆ చీర ఎలా ఉంటుందో చెప్పదు. కొనేవాళ్లు తమ కళ్లతో చూసి నమ్మే పరీక్ష ఒకటి పాటూరు చీరకు పెట్టండి. అది ఏదో నేసేవాళ్లకే తెలుస్తుంది.

పాటూరు_కోడలు:
బాబూ, నేనూ మీ ఊరిదాన్నే, ఇంటి దగ్గరే చీరలు అమ్ముతాను. ఆ పరీక్షేదో నన్నడుగు. చీర మడత విప్పకముందే వచ్చినవాళ్లు అడిగే మాట, "రంగు పోతుందా అమ్మా?" నేత ఎంత బాగున్నా ముదురు అంచు రంగు లేత ఒంటి మీదికి దిగిందంటే ఆ మనిషి మళ్లీ మా గడప తొక్కదు, పదిమందికి చెబుతుంది కూడా. తప్పు నేతది కాదు, చవకలో అద్దిన నూలుది, మాట మాత్రం మగ్గానికే వస్తుంది. వ్యాట్ రంగులు (ఉతికినా దిగని గట్టి రకం) అద్దిన చిలపలైతే, అంటే నూలు కట్టలైతే, ఆ భయం ఉండదు, ఖర్చు ఎక్కువని చాలామంది పెట్టరు. తడిపిన తెల్లగుడ్డ పెట్టి కొనేవాళ్ల ఎదురుగానే అంచు మీద గట్టిగా రుద్ది చూపించగలిగితే బేరం ఆడటం దానంతట అదే తగ్గుతుంది.

కానీ ఒకటి అడుగుతాను. ఆ నెమ్మది గురించి అందరూ గొప్పగా రాశారు, ఆ నెమ్మదికి కూలి ఎవరిస్తారు? మాకు చీరకు ఇంతని కూలి, అది ఎన్ని రోజులు పట్టినా అంతే. చీర ధర పెరిగి, పెరిగింది గుంటలో కూర్చున్నవాళ్లకు రాకపోతే, మీ నాన్న తర్వాత ఆ మగ్గం ఎవరు ఎక్కుతారు? వకయామాలో ఎలా పంచుకున్నారో నాకు తెలియదు, మన ఊళ్లో మాత్రం ఆ లెక్క ముందే మాట్లాడుకోవాలి.

కోవూరు_కుర్రోడు:
అక్కా, ఫిట్టర్ అన్నా, డిప్లొమా గారూ, చాలా థాంక్స్. మా పిన్ని కొడుక్కి ఫోన్ చేసి మిషన్ల సంగతి వద్దని చెప్పేశాను, వాడు కాస్త అలిగాడు. అక్క చెప్పినట్టు వ్యాట్ అద్దకంతో నాలుగు చీరలు నేయించి చూడాలనుకుంటున్నాను, చీరకు కూలి ఎంత పెంచాలో నాన్నతో, పక్కింటి మగ్గం వాళ్లతో కూర్చుని రాసుకుంటాం. ఏ రంగుతో మొదలుపెట్టమంటారు?

పాటూరు_కోడలు:
ఎర్ర అంచు, తెల్ల ఒళ్లు. రంగు దిగితే ముందు కనపడేది దాంట్లోనే. నేయించే ముందు అద్దిన నూలు ఒక చిలప తెచ్చి ఇవ్వు, తెల్ల నూలుతో కలిపి రాత్రంతా నీళ్లలో నానేస్తాను, పొద్దున్నే ఫోన్ చేసి చెబుతాను.