కెనార్డా, మామూలు తోక విమానమా? విచిటా వచ్చిన సునాబెడ తమ్ముడికి

సునాబెడ నుంచి విచిటా:
అందరికీ నమస్కారం. మా నాన్న సునాబెడ హెచ్‌ఏఎల్ ఇంజిన్ డివిజన్‌లో చేసి రిటైరయ్యారు. నేను ఈమధ్యే హెచ్‌1బి మీద కాన్సాస్ వచ్చాను. గరాజ్‌లో సొంతంగా ఒక విమానం కట్టాలని చిన్నప్పటి కోరిక. లాంగ్-ఈజీ, వెలాసిటీ లాంటి, తోక బదులు ముందు చిన్న రెక్క ఉండే కెనార్డ్ కట్టనా, వ్యాన్స్ ఆర్‌వీ కిట్ లాంటి, వెనక తోకుండే మామూలు డిజైన్ తీసుకోనా? కెనార్డ్ స్టాల్ కాదు, అంటే వేగం తగ్గినా రెక్క లిఫ్ట్ (పైకెత్తే బలం) కోల్పోయి పడిపోదు, కాబట్టి అదే సేఫ్ అంటున్నారు. నిజమేనా?

జయపురం నుంచి ఒహాయో:
తమ్ముడూ, డిజైన్ కంటే ముందు కాగితాల సంగతి చూసుకో. అమెరికాలో విమానం నీ పేరున రిజిస్టర్ కావాలంటే పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండాలి. హెచ్‌1బి వాళ్లు ట్రస్టు పెట్టి చేయిస్తారు, దానికి వేరే ఖర్చు. కట్టినవాడికి ఏటా తన విమానాన్ని తానే తనిఖీ చేసుకునే రిపేర్‌మ్యాన్ సర్టిఫికెట్ ఇస్తారు, అదీ గ్రీన్‌కార్డు లేకుండా రాదు. ఫ్లైట్ స్కూల్లో చేరాలన్నా టీఎస్‌ఏ (రవాణా భద్రతా సంస్థ) అనుమతి కావాలి. కట్టడానికి మాత్రం ఎవరూ అడ్డుచెప్పరు. పనిలో సగానికి పైగా నువ్వో, నీలాంటి ఔత్సాహికులో సరదా కోసమో నేర్చుకోవడానికో చేసి ఉండాలి, అంతే. అదే 51 శాతం రూల్.

ఇక స్టాల్. కెనార్డ్‌లో ముందున్న చిన్న రెక్క వెనక పెద్ద రెక్క కంటే ముందు స్టాల్ అయ్యేలా లెక్క వేస్తారు. కంట్రోల్ స్టిక్ ఎంత లాగినా ముక్కు కాస్త వాలి, వేగం అందుకుని, మళ్లీ లేస్తుంది. పెద్ద రెక్క ఎగురుతూనే ఉంటుంది. ఇంతవరకు నిజమే. కానీ బరువు వెనక్కి జరిగి సీజీ (గరిమనాభి) హద్దు దాటిందా, ఆ రక్షణ పోతుంది. అప్పుడు డీప్ స్టాల్‌లోకి, అంటే పెద్ద రెక్క కూడా స్టాల్ అయ్యే స్థితిలోకి, వెళితే బయటపడటం చాలా కష్టం. కాబట్టి కెనార్డ్ కట్టేవాడు తూకం దగ్గర పిసినారిలా ఉండాలి.

దీనికి ఇంకో మూల్యం కూడా ఉంది. పెద్ద రెక్క తన పూర్తి శక్తి దాకా ఎప్పుడూ వెళ్లదు. ఫ్లాప్స్ (నెమ్మదిగా దిగడానికి రెక్క వెనక అంచున కిందికి వంచే పలకలు) వేస్తే ముక్కు కిందికి వాలుతుంది, దాన్ని ఎత్తి పట్టే బలం చిన్న రెక్కకు చాలదు. అందుకే మామూలుగా ఫ్లాప్స్ ఉండవు. దిగేటప్పుడు వేగం ఎక్కువ, రన్‌వే పొడుగ్గా కావాలి. ఇంజిన్ ఆగి పొలంలో దిగాల్సి వస్తే ఆ వేగమే ప్రమాదం. ప్రొపెల్లర్ వెనక ఉంటుంది కాబట్టి చక్రాలు ఎగరేసిన కంకర, ఇంజిన్ మూత (కౌలింగ్)లోంచి ఊడిన చిన్న స్క్రూ అన్నీ దాని మీదికే పోతాయి. గడ్డి రన్‌వేల మీద తిరగాలనుకుంటే కెనార్డ్ మర్చిపో.

వాన కూడా ఉంది. పాత లాంగ్-ఈజీల ముందు రెక్క తడిస్తే లిఫ్ట్ తగ్గి ముక్కు బరువెక్కేది. తర్వాత డిజైనర్ జాన్ రాంజ్ గీసిన కొత్త ఎయిర్‌ఫాయిల్ (రెక్క అడ్డుకోత ఆకారం)తో ఆ బెడద పోయింది. సెకండ్‌హ్యాండ్ లాంగ్-ఈజీ కొంటే ముందుగా అడగాల్సింది ఇదే.

కట్టే పని దగ్గరే అసలు తేడా. ఈజీ అంటే ఫోమ్ కోసి, ఫైబర్‌గ్లాస్ పరిచి, ఎపాక్సీ జిగురు పూసి, ఆరాక రుద్దుడే రుద్దుడు. విచిటా చలికి గరాజ్ వేడి చేయకపోతే ఎపాక్సీ సరిగ్గా గట్టిపడదు. కొందరికి చర్మ ఎలర్జీ పట్టుకుంటుంది, ఒకసారి వస్తే మళ్లీ ముట్టుకోలేరు. ఆర్‌వీ అల్యూమినియం, రేకులకు రంధ్రాలు ఫ్యాక్టరీలోనే పడి వస్తాయి. రివెట్ తప్పు పడితే డ్రిల్ చేసి తీసి ఇంకోటి కొట్టొచ్చు. పైగా ఆర్‌వీలు ఎగిరినవే పది వేలు దాటాయి, ఏ సందేహానికైనా జవాబు చెప్పేవాడు దొరుకుతాడు. వీసా తేడా వచ్చి సగంలో అమ్మేయాల్సి వచ్చినా కొనేవాళ్లుంటారు. నా ఓటు ఆర్‌వీ-9కే, నెమ్మదిగా దిగుతుంది.

రాయగడ నుంచి ఓక్లహోమా:
అన్నయ్యా, కెనార్డ్‌ను మరీ తీసిపారేశారు! 1986లో పెట్రోల్ మళ్లీ నింపుకోకుండా, ఎక్కడా దిగకుండా తొమ్మిది రోజుల్లో భూమి చుట్టొచ్చిన వాయేజర్ కెనార్డే కదా. మన బెంగళూరు ఎన్‌ఏఎల్ (నేషనల్ ఏరోస్పేస్ లాబొరేటరీస్) వాళ్లు కూడా లాంగ్-ఈజీ ఆధారంగా ఒక పరిశోధన విమానం ఎగరేశారు. తక్కువ ఇంధనంతో దూరాలు పోవాలంటే దాని తర్వాతే ఏదైనా. గాయకుడు జాన్ డెన్వర్ 1997లో లాంగ్-ఈజీలో పోయాడని భయపెడతారు. అక్కడ ఫ్యూయల్ వాల్వ్‌ను ప్లాన్‌లో చూపిన చోట కాకుండా పైలట్ భుజం వెనక బిగించారు. ప్లాన్ మార్చొద్దనడానికి అది ఉదాహరణ, కెనార్డ్ వద్దనడానికి కాదు.

అయితే తమ్ముడూ, లాంగ్-ఈజీ ప్లాన్లు దాన్ని రూపొందించిన బర్ట్ రుటాన్ కంపెనీ 1985లోనే అమ్మడం మానేసింది. కిట్ కావాలంటే వెలాసిటీ, ప్లాన్లు చూసి కట్టాలంటే కోజీ మార్క్ 4. రెండూ మొదటి ప్రాజెక్టుకు పెద్దవే.

సునాబెడ నుంచి విచిటా:
ఇద్దరికీ థాంక్స్. నాన్న ఫోన్లో అడుగుతున్నారు, ఎప్పటికైనా జయపురం ఎయిర్‌స్ట్రిప్‌లో దించుతావా అని.

జయపురం నుంచి ఒహాయో:
సొంతంగా కట్టిన విమానానికి ఇక్కడిచ్చే ఎక్స్‌పెరిమెంటల్ సర్టిఫికెట్ ఇంకో దేశంలో దానంతట అది చెల్లదు. నాన్నగారినే ఇటు రప్పించు, జులై చివర్లో విస్కాన్సిన్‌లో ఆష్‌కోష్ విమానాల మేళా ఉంటుంది. రెండు రకాలూ వరసగా నిలబెట్టి ఉంటాయి. ఇంజిన్ల దగ్గర్నుంచి ఆయన్ని కదిలించడం మాత్రం నీ వల్ల కాదు.

రాయగడ నుంచి ఓక్లహోమా:
అంతదాకా ఎందుకు? మా ఆయన ఆర్‌వీ-7 రెక్క కడుతున్నారు. ఒకరు రివెట్ కొడుతుంటే వెనక బకింగ్ బార్ (దెబ్బకు ఆనించే ఇనుప దిమ్మ) పట్టడానికి ఇంకొకరు కావాలి, నాకు చేతులు నొప్పి పుడుతున్నాయి. ఏదో ఒక శనివారం వచ్చేయ్, భోజనం మాదే.