పిట్యూటరీ ఆపరేషన్ అయిన అమ్మ అలిపిరి మెట్లు ఎక్కవచ్చా?

అలిపిరి_దారి:
మా అమ్మకు 52 ఏళ్లు. పోయినేడు మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో గడ్డ ఉంటే ముక్కులోంచి తీశారు. అప్పటికే పక్కచూపు పోయి, రోడ్డు దాటేటప్పుడు ఆటో మీదికొచ్చినా కనపడేది కాదు. ఇప్పుడు చూపు బాగుంది. హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ మాత్ర పొద్దున 10 మిల్లీగ్రాములు, మధ్యాహ్నం 5, పరగడుపున థైరాయిడ్ మాత్ర 75 వాడుతోంది. నడిచి కొండకొస్తానని ఆపరేషన్‌కు ముందే మొక్కుకుంది. అలిపిరి 3550 మెట్లు, శ్రీవారి మెట్టు 2388. ఏది మేలు? ఆ రోజు మాత్ర ఎక్కువ వేసుకోవాలా? తలనీలాలు కూడా ఇవ్వొచ్చా?

పలమనేరు_అక్క:
మీ అమ్మకు జబ్బేందో తెలిసింది, అదే అదృష్టం. నాకు పదకొండేళ్లు తెలియలేదు. రెండో కాన్పులో రక్తం విపరీతంగా పోయింది. పాలు ఒక్క చుక్క పడలేదు. ఆ తర్వాత నెలసరి రాలేదు, చంకల్లో వెంట్రుకలు రాలిపోయాయి, ఎండాకాలంలో కూడా దుప్పటి కప్పుకునేదాన్ని. ఎవరి దగ్గరికి పోయినా థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ నార్మల్, నీరసం అంతే అని బలం మందులు రాసేవాళ్లు. ఒకరోజు సంగటి కెలుకుతూ పొయ్యి దగ్గరే పడిపోయా. రక్తంలో సోడియం 114కి పడిపోయింది. వేలూరు తీసుకుపోతే అక్కడొక డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, "ఆ బిడ్డకు పాలిచ్చావామ్మా?" అని. కాన్పులో రక్తం పోయి పిట్యూటరీ దెబ్బతినే షీహాన్ సిండ్రోమ్ అని తేలింది. 1937లోనే రాసిపెట్టిన జబ్బంట. ఆ ఒక్క ప్రశ్న పదకొండేళ్లు ఎవరూ అడగలేదు.

కుప్పం_రైతుబిడ్డ:
అన్నా, అందరూ స్టెరాయిడ్ సంగతి వదిలేశారు. మా మామ ఉబ్బసానికి ఏళ్లతరబడి వాడి మొహం ఉబ్బి, ఎముకలు గుల్లైపోయి మంచాన పడ్డాడు. మెట్లెక్కే ఓపిక వచ్చిందంటే అమ్మ కోలుకున్నట్టే కదా, మెల్లగా మానిపించండి. పాలల్లో అశ్వగంధ ఇవ్వండి.

పలమనేరు_అక్క:
నీకు దండం పెడతా నాయనా, ఆ మాట తీసెయ్. ఎవరో చెప్పిన ఇలాంటి మాట విని నేను నాలుగు రోజులు మాత్ర ఆపా. ఐదో రోజు వాంతులు, బీపీ అందలేదు, ఐసీయూలో కళ్లు తెరిచా. నా చిన్నకూతురికి అప్పుడు పన్నెండేళ్లు, అదే పక్కింటోళ్లను కేకేసింది.

మందులషాపు_చిత్తూరు:
పదహారేళ్లుగా షాపు నడుపుతున్నా, నేను చెబుతా. ఉబ్బసానికిచ్చే డోసు వేరు, ఇది వేరు. మామూలుగా శరీరం రోజూ తనే చేసుకునే కార్టిసాల్ వీళ్లకు తయారవదు, ఆ లోటుకే ఈ 15 మిల్లీగ్రాములు. మానిపించమనడం తప్పు. కానీ థైరాయిడ్ 75 ఎక్కువేమో, టీఎస్‌హెచ్ బాగా తక్కువుంటే 50కి దించండి.

పీలేరు_టీచర్:
సార్, షాపు ఎన్నేళ్ల నుంచి ఉన్నా ఇది మాత్రం తప్పు. థైరాయిడ్‌ను పనిచేయించే టీఎస్‌హెచ్ పంపేదే పిట్యూటరీ. అదే దెబ్బతిన్నాక ఆ అంకె చూసి డోసు ఎట్లా మారుస్తారు? రక్తంలో ఉన్న థైరాయిడ్ హార్మోన్‌నే చూపే ఫ్రీ టీ4 చూడాలి. అక్కకు "నార్మల్" అని పదకొండేళ్లు తిప్పి పంపింది కూడా అందుకే.

మందులషాపు_చిత్తూరు:
నేను దించండి అన్నది డాక్టర్ని అడిగే. ప్రతి మాటకూ గొంతు పట్టుకుంటే ఎట్లా?

పీలేరు_టీచర్:
డాక్టర్ని అడగమని మీరు రాయలేదు, పైకి పోయి చదువుకోండి. ఇంకోటి కూడా రాస్తున్నా, ఎవరికైనా పనికొస్తుంది. కార్టిసాల్ తక్కువుంటే ముందు స్టెరాయిడ్ మొదలుపెట్టాకే థైరాయిడ్ మాత్ర ఇవ్వాలి. తిరగేస్తే ప్రాణం మీదికొస్తుంది. మా వదినకు అదే జరిగింది.

గాజులమండ్యం:
నాది వేరే కథ. పిట్యూటరీ గడ్డ వల్ల గ్రోత్ హార్మోన్ ఎక్కువ. చెప్పుల సైజు 8 నుంచి 11కి పోయింది, పెళ్లి ఉంగరం కంసాలి దగ్గర కోయించా, పళ్ల మధ్య సందులొచ్చాయి, గురక, షుగర్. ఇంట్లో రోజూ చూసేవాళ్లకు తేడా తెలియలేదు. పదేళ్ల తర్వాత కలిసిన స్నేహితుడు నన్ను గుర్తుపట్టలేదు, అప్పుడు అనుమానమొచ్చింది. ఐజీఎఫ్-1 అనే రక్తపరీక్ష చేయిస్తే బయటపడింది. ఆపరేషన్ అయినా కొంచెం మిగిలింది, నెలనెలా ఇంజెక్షన్, ఖర్చుకు తట్టుకోలేకపోతున్నా. ఎవరికైనా ఆరోగ్యశ్రీలో వచ్చిందా?

కొత్త_సభ్యురాలు:
నాకు ప్రొలాక్టిన్, అంటే పాలు పడేలా చేసే పిట్యూటరీ హార్మోన్, 68 ఉంది. కడుపుతో లేకుండానే పాలొస్తున్నాయి, అత్తగారింట్లో మాటలు పడలేకపోతున్నా. గడ్డేనా? చాలా టెన్షన్‌గా ఉంది.

పీలేరు_టీచర్:
భయపడకమ్మా. గ్యాస్‌కు డోంపెరిడోన్ కలిసిన మాత్ర వాడుతున్నావా? దానికీ పెరుగుతుంది, థైరాయిడ్ తగ్గినా పెరుగుతుంది. ముందు అవి చూపించుకో. ఒకవేళ గడ్డే అయినా, ఈ రకానికి క్యాబర్గోలిన్ వారానికి రెండు మాత్రలతోనే చాలామందికి కరుగుతుంది, కోత అక్కర్లేదు. మీ అత్తకు ఇది చదివి వినిపించు.

కొండనడక:
మొదటి ప్రశ్నకు ఒక్కరూ జవాబివ్వలేదు. నాకూ ఇదే ఆపరేషన్, రెండుసార్లు ఎక్కా. శ్రీవారి మెట్టు దూరం తక్కువే గానీ ఏకబిగిన ఎక్కుడు. అలిపిరి అయితే గాలిగోపురం దాటాక చాలాదూరం చదునుగా ఉంటుంది, మోకాళ్ల పర్వతం దగ్గర మాత్రం నిలబడి నిలబడి ఎక్కాలి. మా డాక్టర్ బయల్దేరే ముందు 5 మిల్లీగ్రాములు అదనంగా వేసుకోమన్నారు, మీరూ అడగండి. ఉపవాసం వద్దు. ఉప్పేసిన మజ్జిగ తీసుకుపోండి. వాంతైతే మాత్ర లోపల నిలవదు, 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ సంచిలో ఉండాలి. మూత్రం ఎక్కువ పోకుండా ఇచ్చే డెస్మోప్రెసిన్ కూడా వాడుతుంటే దాహం వేసినంతే నీళ్లు, బలవంతంగా తాగించొద్దు, సోడియం పడిపోతుంది. తలనీలాలు హాయిగా ఇవ్వొచ్చు, కోత ముక్కులో కదా.

అలిపిరి_దారి:
చాలా థాంక్స్ అన్నా. డెస్మోప్రెసిన్ లేదు. సోమవారం డాక్టర్ని కలుస్తున్నాం, 5 సంగతి అడుగుతా.

పలమనేరు_అక్క:
"స్టెరాయిడ్ మీద ఉన్న మనిషి, స్పృహ తప్పితే ముందు హైడ్రోకార్టిసోన్ ఇవ్వండి" అని చీటీ రాయించు. తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. సంచిలో కాదు, మెడలో వేలాడాలి.