హుంజా మీర్లు: చైనాకు కప్పం, కాశ్మీరుకూ కప్పం... మరి ఎవరి సామంతులు?

కారకోరం_బాట:
ఇప్పుడు పాకిస్తాన్ ఏలుబడిలోని గిల్గిత్-బల్తిస్తాన్‌లో ఉన్న హుంజా లోయను ఏలిన మీర్ల (రాజుల) మీద వ్యాసం రాస్తూ రెండు చోట్ల ఆగిపోయాను. ఏటా చైనాకు కప్పం కట్టినవాళ్ల మీదికి 1891లో బ్రిటిష్ సేన వస్తే చైనా ఎందుకు అడ్డుపడలేదు? రెండోది, వాళ్ల పాలన రద్దయింది 1972లోనా, 1974లోనా? రెండూ కనిపిస్తున్నాయి.

పాత_పటాలు:
రెండోది తేలిక. 1972 నగర్‌ది, 1974 హుంజాది. నదికి అటొకటి ఇటొకటి ఉన్న వేర్వేరు సంస్థానాలవి. రెంటినీ రద్దు చేసింది పాకిస్తాన్‌లోని భుట్టో ప్రభుత్వమే కాబట్టి కలిపేస్తుంటారు. హుంజాను చివరగా ఏలినవాడు జమాల్ ఖాన్ (1945-74). ఆయన కొడుకు గజన్‌ఫర్ అలీ ఖాన్ పేరు ముందు మీర్ అన్నది గౌరవానికే. 2015లో గిల్గిత్-బల్తిస్తాన్ గవర్నరైంది నియామకం వల్ల, వారసత్వం వల్ల కాదు.

ఇక కప్పం. చైనా ఏలుబడిలోని సింకియాంగ్‌లో ఉన్న కాష్గర్‌కు ఏటా వెళ్లింది ఒకటిన్నర లియాంగ్‌ల (చైనా తూకం) బంగారు రజను. మన లెక్కలో ఐదు తులాలకు కాస్త తక్కువ. బదులుగా పట్టుతానులు వచ్చేవి. అసలు లాభం వేరే: సరిహద్దుకు అటువైపున్న తగ్దుంబాష్ పామీరులో పశువుల మేత హక్కు, రస్కం లోయలో సాగు హక్కు. కాశ్మీరు దర్బారుకూ గుర్రాలు, వేటకుక్కలు, బంగారు రజను పంపేవారు. ఇద్దరికీ కట్టి ఎవరి మాటా వినకపోవడమే మీర్ల రాజనీతి! ‘చైనా సామంత రాజ్యం’ అని ఒక్క ముక్కలో తేల్చేయకండి.

చైనా బొత్తిగా నోరెత్తలేదనడమూ సరికాదు. అభ్యంతరం చెప్పింది, పోరుకు దిగలేదంతే. 1892లో కొత్త మీర్ నాజిమ్ ఖాన్ పట్టాభిషేకానికి బ్రిటిష్ వాళ్లు చైనా ప్రతినిధులనూ పిలిచారు. బంగారం పంపడమూ కొనసాగింది. 1937లో బ్రిటిష్ వాళ్లే మీర్ చేత ఆ మేత, సాగు హక్కులు వదిలించి, పరిహారం ఇచ్చి మాన్పించారు.

లోయ_గట్టు:
పై జవాబుకు కొంత చేర్పు. గొడవ మొదలైంది దోపిడీల దగ్గర. లడఖ్‌లోని లేహ్ నుంచి సింకియాంగ్‌లోని యార్కండ్‌కు వెళ్లే బిడారు దారి మీద హుంజా మనుషులు షింషాల్ కనుమ గుండా వచ్చి పడేవారు, అందులో మీర్‌కు వాటా. 1886లో తండ్రి గజన్ ఖాన్‌ను చంపి గద్దెనెక్కిన సఫ్దర్ అలీ, 1888లో రష్యన్ అధికారి గ్రోంబ్‌చెవ్‌స్కీకి ఆతిథ్యమిచ్చాడు. రష్యాతో పోటీలో ఉన్న బ్రిటిష్ వాళ్లకు దోపిడీల కంటే ఇదే ఎక్కువ గుచ్చుకుంది. 1891 డిసెంబరు 2న నగర్ వైపున్న నిల్త్ కోట ద్వారం పేల్చేసి లోపలికొచ్చారు గానీ, దాని వెనక వాగు దాటడానికి 20వ తేదీ దాకా పట్టింది. ఎదుటి గట్టు నిట్టనిలువు, పైన కాపు కాసిన తుపాకులు. ఆ గట్టు ఎక్కేశాక సఫ్దర్ అలీ సింకియాంగ్‌కు పారిపోయాడు. నాజిమ్ ఖాన్ అతని సవతి తమ్ముడే.

కారకోరం_బాట:
వివరంగా చెప్పారు, ఇద్దరికీ ధన్యవాదాలు. మరి ఇంటిపోరు ఇంత ఉన్నా జనం ఆ వంశాన్నే ఎందుకు భరించారు?

లోయ_గట్టు:
నీళ్ల వల్ల. అక్కడ వాన నామమాత్రం, హిమానీనదం నుంచి కాలువ రాకపోతే గింజ పండదు. కొండచరియలో కాలువ తవ్వించాలన్నా, ఏటా పూడిక తీయించాలన్నా అన్ని ఊళ్ల మనుషులనూ వెట్టికి రప్పించగల ఒకే అధికారం మీర్‌ది. మంచుకరుగు నీటిలో మెత్తటి రాతిపొడి ఉంటుంది. పొలానికి మంచిదే, కాలువను మాత్రం పూడ్చేస్తుంది. బొఫౌ అనే విత్తుల పండగనాడు బార్లీ విత్తనాల్లో బంగారు రజను కలిపి తొలి విత్తు వేసేవాడు ఆ మీర్. జూన్‌లో గినానీ అనే కోతల పండగకు తొలి కోత ముద్ద కూడా ముందు ఆయనకే.

పాత_పటాలు:
ఇంకో జాగ్రత్త. ఇద్దరు గజన్ ఖాన్‌లున్నారు: 1886లో హతుడైనవాడు, 1938-45 మధ్య ఏలినవాడు. వీళ్లు కాక గజన్‌ఫర్‌లు వేరు. పేరు పక్కన ఏళ్లు వేయకపోతే తాత, మనవడు కలిసిపోతారు. అలాగే 1891 ఘట్టంలో రాజధానిని కరీమాబాద్ అనకండి, అప్పటి పేరు బల్తిత్.