ట్రైలోబైట్‌ని ‘త్రిఖండి’ అనొచ్చా?

ప్రశ్న: పిల్లల పత్రికకి శిలాజాల మీద వ్యాసం రాస్తున్నాను. కాలిమీన్ అనే ట్రైలోబైట్ (ఎప్పుడో అంతరించిపోయిన, గట్టి పెంకున్న సముద్ర జీవి) బొమ్మ వేస్తున్నాం. తల, నడుము, తోక కలిపి మూడు కాబట్టి ‘త్రిఖండి’ అని రాయొచ్చా?

జవాబు: చాలామంది బోల్తా పడేది అక్కడేనండీ. ఆ ‘ట్రై’ తల, నడుము, తోకల లెక్క కాదు. బొమ్మలో వీపు చూడండి. పైనుంచి కిందికి రెండు గాడులు కనిపిస్తాయి. మధ్యలో ఉబ్బెత్తు భాగం ఒకటి, దానికి చెరో పక్క ఒకటి. ఆ మూడే ఇక్కడి మూడు. పైగా కాలిమీన్ నడుములోనే 13 ఖండితాలు (వరసగా ఉండే అడ్డ ముక్కలు) ఉన్నాయి, ‘త్రిఖండి’ అంటే పిల్లలు ఏది లెక్కపెట్టాలి? ఇక ట్రైలోబైట్‌లోని ‘లోబ్’ సంగతి. ఆకుల పాఠంలో లోబ్‌ని ‘తమ్మె’ అనే అంటాం, చెవి తమ్మె లాగే. ముక్కాలి, ముజ్జగాలు ఉన్నట్టు ‘ముత్తమ్మె’ అనండి.

మరొకరు: ముత్తమ్మె బాగుంది గానీ, నెట్‌లో వెతికితే ఏమీ దొరకదు. శీర్షికలో ట్రైలోబైటే ఉంచి, లోపల ఒక్కసారి ముత్తమ్మె అని చెప్పండి చాలు.

ప్రశ్న: సరేనండీ. మరి కాలిమీన్ అంటే?

జవాబు: గ్రీకులో ‘మరుగున పడినది’ అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. 1822లో బ్రోనియార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పెట్టాడు. అప్పుడే ఇంకో శిలాజానికి అగ్నోస్టస్, అంటే ‘తెలియనిది’ అని పెట్టాడు. ఇవేం జంతువులో ఆయనకీ అంతుబట్టలేదు మరి! ఇంగ్లండులో డడ్లీ సున్నపురాతి గనుల్లో పనిచేసేవాళ్ళకి ఆ టెన్షనే లేదు. కాలిమీన్‌ని చక్కగా ‘డడ్లీ పురుగు’, ‘డడ్లీ మిడత’ అనేశారు. ఆ ఊరి చిహ్నంలోకి కూడా ఎక్కింది. అక్కడి ఆ శిలాజాల వయసు సుమారు 43 కోట్ల ఏళ్ళు.

మరొకరు: మిడత అని రాస్తే పిల్లలు ఎగురుతుందనుకుంటారు. ముట్టుకుంటే రోకలిబండ పురుగు చుట్టుకున్నట్టు ఇదీ చుట్టుకునేదని రాయండి. అలా ఉండలా మారిన శిలాజాలు బోలెడు.

ప్రశ్న: మన కడప రాళ్ళలో దొరకవా?

జవాబు: దొరకవండీ. అవి వీటికంటే చాలా పాతవి, ఇలాంటి జీవులు ఇంకా పుట్టని కాలం నాటివి. మన దేశంలో ట్రైలోబైట్ల కోసం హిమాచల్‌లోని స్పితి వైపు వెళ్ళాలి. అన్నట్టు, బొమ్మ కింద ‘చచ్చిన జంతువు’ అని మాత్రం రాయకండి. విప్పారి దొరికే ట్రైలోబైట్లలో చాలా మటుకు విడిచిన కుబుసాలే.